ఖమ్మం టీకా కథ - నేను ఎక్కడ పొరబడ్డాను?

2010 ఏప్రిల్ నాటి మాట. మా సంఘం నెలవారీ సమావేశంలో నేను మాట్లాడాను. విషయం ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి వేసిన టీకాలు. అప్పటికి పేపర్లలో, టీవీల్లో అదే గోల. టీకాలు వేశారు, కొందరు పిల్లలు చనిపోయారు, వెనకాల అమెరికా సంస్థ ఉంది, విదేశీ మందుల కంపెనీలు ఉన్నాయి. ఇంకేం కావాలి? అరగంట ఆవేశంగా మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ రాత్రి మా అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, పాపకి గర్భసంచి కేన్సర్ రాకుండా టీకా వేయించమంటోంది మా డాక్టరమ్మ. మూడు డోసులట, ఒక్కోటి మూడు వేల దాకా అవుతుందట. వేయించమంటావా?" అని అడిగింది. "వద్దక్కా, మన పిల్లల మీద ప్రయోగాలు చేస్తున్నారు" అన్నాను. అక్క మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మా ఇంట్లో చదువుకున్నవాడిని, హేతువాదిని నేనే కదా. నా మాట మీద అంత గురి.

ఆ రోజు నేను సభలో చెప్పిన దాంట్లో సగం నిజం. అక్కకి చెప్పింది మాత్రం తప్పు. ఈ రెంటికీ తేడా తెలుసుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ తేడా ఏమిటో చెప్పాలంటే ఈ జబ్బు చరిత్ర కొంచెం మొదటినుంచీ చెప్పుకోవాలి.

పులిపిరికాయలూ, గుర్రపు వెంట్రుకా

పులిపిరికాయలు మనందరికీ తెలుసు. మా ఊళ్ళో వాటికి గుర్రపు వెంట్రుక కట్టేవారు. కొన్నాళ్ళకి పులిపిరి రాలిపోయేది. వెంట్రుక మహిమ అనేవారు. కొందరు దేవుడికి మొక్కుకునేవారు. అప్పుడూ పోయేవి. చిత్రం ఏమిటంటే ఏమీ చెయ్యకపోయినా చాలావరకు పోతాయి. పులిపిరికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ. కొన్ని నెలలకో, ఏడాది రెండేళ్ళకో మన ఒంట్లోని రోగనిరోధక శక్తి దాన్ని గుర్తుపట్టి తరిమేస్తుంది. పేరు మాత్రం వెంట్రుకకి వస్తుంది.

మన పెద్దలు దీనికి చక్కటి మాట పెట్టారు. కాకతాళీయం. కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లే పండు రాలిందనుకోవడం పొరపాటు. ఈ మాటని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

హెచ్‌పీవీలో 200కి పైగా రకాలున్నాయి. చేతిమీద పులిపిరి తెచ్చేవి కొన్ని. అవి కేన్సర్ తేవు. జననాంగాల దగ్గర చేరేవి వేరే రకాలు. వాటిలో ఓ 14 దాకా ప్రమాదకరమైనవి. వాటిలోనూ 16, 18 అనే రెండు రకాలే ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార కేన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం. ఈ వైరస్ రావడం అరుదైన విషయం కాదు, సిగ్గుపడే విషయం అంతకన్నా కాదు. లైంగిక జీవితం ఉన్న ఆడా మగా అందరిలోనూ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. చర్మానికి చర్మం తగిలితే చాలు కనక కండోమ్ రక్షణ కొంతమేరకే. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా తిష్ట వేస్తుంది. అలా తిష్ట వేసిన వైరస్ 15, 20 ఏళ్ళలో కేన్సర్‌గా మారవచ్చు. ఇరవయ్యేళ్ళప్పుడు సోకింది నలభయ్యేళ్ళకి బయటపడుతుంది. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత దూరం ఉంటే ఎవరు మాత్రం కనిపెట్టగలరు?

అందుకే శతాబ్దాలపాటు కనిపెట్టలేదు. మా ఊళ్ళో ఒకావిడకి ముట్లుడిగిన పదేళ్ళకి మళ్ళీ రక్తం కనపడింది. మళ్ళీ పచ్చదనం వచ్చిందని నవ్వారు కొందరు. గాలి సోకిందన్నారు ఇంకొందరు. తాయెత్తు కట్టారు. నొప్పి భరించలేక ఆస్పత్రికి వెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. ఏం జబ్బని అడిగితే ఇంట్లోవాళ్ళు "ఆడవాళ్ళ జబ్బు" అనేవారు. దానికి పేరే లేదు.

వెరోనా రిజిస్టర్లు

దీన్ని మొదట లెక్కల్లో పట్టుకున్నవాడు ఇటలీ డాక్టరు డొమెనికో రిగోనీ-స్టెర్న్. 1842లో ఆయన వెరోనా నగరంలో 1760 నుంచి 1839 వరకు నమోదైన మరణాల రిజిస్టర్లు తిరగేసి ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో ఒక విచిత్రం కనపడింది. గర్భాశయ కేన్సర్‌తో చనిపోయినవారిలో పెళ్ళైనవాళ్ళు, వితంతువులు ఎక్కువ. క్రైస్తవ సన్యాసినుల్లో అది బహు అరుదు. రొమ్ము కేన్సర్ మాత్రం సన్యాసినుల్లోనే ఎక్కువ.

ఒక భక్తుడు ఈ లెక్క చూస్తే ఏమంటాడు? దేవుడు తన సేవకురాళ్ళని కాపాడాడంటాడు. మరి రొమ్ము కేన్సర్ నుంచి ఎందుకు కాపాడలేదని అడిగితే జవాబుండదు. లెక్క సరిగ్గా చదివితే దొరికే సూచన ఒక్కటే. గర్భాశయ కేన్సర్‌కీ దాంపత్య జీవితానికీ ఏదో సంబంధం ఉంది. ఆ ఏదో ఏమిటో తెలియడానికి ఇంకో 141 ఏళ్ళు పట్టింది.

మధ్యలో చాలా ఊహలు నడిచాయి. కాన్పులు ఎక్కువవడం వల్లన్నారు. మగవాళ్ళ అపరిశుభ్రత వల్లన్నారు. 1960లు, 70లలో హెర్పిస్ వైరస్ వల్ల అన్నారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు దాన్ని నమ్మారు. జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్ మాత్రం కేన్సర్ కణాల్లో హెర్పిస్ డీఎన్ఏ కోసం వెతికి, దొరకలేదని చెప్పాడు. పులిపిర్లు తెచ్చే వైరస్ జాతిని అనుమానించాడు. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1983లో ఆయన బృందం హెచ్‌పీవీ 16ని, 1984లో హెచ్‌పీవీ 18ని గర్భాశయ ముఖద్వార కేన్సర్ నుంచి వేరుచేసింది. 2008లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. పెద్దలంతా నమ్ముతున్నారు కనక ఒప్పుకోవాలన్న రూలు సైన్సులో లేదు. అలాగని ఎదురు తిరిగినవాడల్లా గెలవడు. వెతికితే దొరికిందా లేదా అన్నదే లెక్క.

అడగకుండా తీసుకున్న కణాలు

ఈ కథలో ఇంకో మనిషి ఉంది. హెన్రియెట్టా లాక్స్. అమెరికాలో పొగాకు పొలాల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ, అయిదుగురు పిల్లల తల్లి. 1951లో రక్తస్రావంతో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి వెళ్ళింది. గర్భాశయ ముఖద్వార కేన్సర్ అని తేలింది. వైద్యం చేస్తూ డాక్టర్లు ఆ కణితి నుంచి చిన్న ముక్క తీసి ప్రయోగశాలకి పంపారు. ఆమెని అడగలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో 31 ఏళ్ళ వయసులో ఆమె చనిపోయింది. ఆమె కణాలు మాత్రం చావలేదు. ప్రయోగశాలలో నిరంతరంగా పెరిగిన మొదటి మానవ కణాలు అవే. హీలా కణాలు అంటారు. పోలియో టీకా పరీక్షల దగ్గర్నుంచి లెక్కలేనన్ని పరిశోధనలు వాటిమీద జరిగాయి. ఆమె కుటుంబానికి ఈ సంగతి తెలిసింది 1970లలో.

ఆమెని చంపింది హెచ్‌పీవీ 18 రకమే అని తరవాత తేలింది. జుర్ హౌసెన్ బృందం ఆ వైరస్ డీఎన్ఏని హీలా కణాల్లోనూ చూసింది.

ఆ కణాల వల్ల కోట్లమందికి మేలు జరిగిందా? జరిగింది. ఆమెని అడగకుండా తీసుకోవడం తప్పా? తప్పే. మొదటి జవాబు రెండోదాన్ని రద్దు చెయ్యదు. రెండో జవాబు మొదటిదాన్ని అబద్ధం చెయ్యదు. ఇంత తేలిక విషయం 2010లో నా బుర్రకి ఎక్కలేదు.

లోపల ఏమీ లేని డొల్ల

కారణం తెలిశాక నివారణ వైపు దారి తెరుచుకుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ ఫ్రేజర్, చైనా నుంచి వచ్చిన జియాన్ ఝౌ 1991లో ఒక పని సాధించారు. వైరస్ పై పెంకులో ఉండే ప్రోటీన్‌ని విడిగా తయారుచేస్తే, అది తనంతట తనే పెంకు ఆకారంలో పేర్చుకుంటుంది. చూడ్డానికి అచ్చం వైరసే. లోపల డీఎన్ఏ ఉండదు. కనక అది ఎవరికీ సోకదు, ఒంట్లో పెరగదు, కేన్సర్ తేలేదు. మన శరీరం మాత్రం దాన్ని వైరస్ అనుకుని దానికి ప్రతిరక్షకాలు తయారుచేసి పెట్టుకుంటుంది. అమెరికాలో జాన్ షిల్లర్, డగ్లస్ లోవీ కూడా ఇదే దారిలో పనిచేశారు. ఝౌ 1999లోనే చనిపోయాడు. టీకా బజారుకి రావడం చూడలేదు. మెర్క్ కంపెనీ గార్డసిల్‌కి 2006 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. తరవాత గ్లాక్సో వారి సెర్వరిక్స్ వచ్చింది. 2008లో రెండూ మన దేశానికీ వచ్చాయి.

ఇది మందు కాదు, టీకా. అప్పటికే ఒంట్లో చేరిన వైరస్‌ని తీసెయ్యలేదు. అందుకే లైంగిక జీవితం మొదలవకముందే, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వెయ్యాలంటారు. సరిగ్గా ఇక్కడే మన పెద్దమనుషులకి కోపం వచ్చింది. "పన్నెండేళ్ళ పిల్లకి ఆ సంబంధమైన టీకా ఏమిటి? పిల్లలు చెడిపోరూ?" అన్నారు. టీకా వేయించుకున్న పిల్లలనీ, వేయించుకోనివాళ్ళనీ పోల్చి చూసిన అధ్యయనాల్లో అలాంటి తేడా ఏమీ కనపడలేదు. అయినా ధనుర్వాతం టీకా వేయించుకున్నామని ఎవరైనా పనిగట్టుకుని తుప్పుపట్టిన మేకులు తొక్కుతారా? పదహారేళ్ళకి పెళ్ళిచేసి పంపడానికి అభ్యంతరం లేనివాళ్ళు కూడా పన్నెండేళ్ళకి టీకా అంటే సంస్కృతి గురించి మాట్లాడారు.

ఖమ్మంలో ఏం జరిగింది?

ఇప్పుడు మన కథకి వద్దాం. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి గార్డసిల్ టీకా వేశారు. ఆగస్టులో గుజరాత్‌లోని వడోదరలో సుమారు 10 వేల మందికి సెర్వరిక్స్ మొదలుపెట్టారు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఐసీఎంఆర్, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు భాగస్వాములు. టీకా పనిచేస్తుందా లేదా అన్నది కాదు, ఇలాంటి టీకాని ప్రభుత్వ వ్యవస్థ ద్వారా వెయ్యడం ఎలా అన్నది చూడటం తమ ఉద్దేశమని పాత్ చెప్పింది. దీనికి పెట్టిన పేరు ప్రదర్శన ప్రాజెక్టు.

టీకా వేసిన వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలు. తల్లిదండ్రులు ఎక్కడో అడవి పల్లెల్లో. 2010 మార్చిలో ఢిల్లీకి చెందిన సమ అనే మహిళా ఆరోగ్య సంస్థ కార్యకర్తలు భద్రాచలం వచ్చి వాకబు చేశారు. చాలామంది పిల్లలకి అది ఏం టీకానో తెలియదు. తల్లిదండ్రుల్లో చాలామందికి వేసినట్టే తెలియదు. ఆ తరవాత మరణాల వార్తలు బయటికొచ్చాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు, అందులో అయిదుగురు మన రాష్ట్రంవాళ్ళు. మహిళా సంఘాలు, ఎంపీలు గట్టిగా నిలదీశారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది.

కేంద్రం వేసిన విచారణ కమిటీ అంగీకార పత్రాలు తనిఖీ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు. అంటే దాదాపు మూడింట ఒక వంతు పిల్లల తరఫున అమ్మానాన్నలు కాదు, ప్రభుత్వోద్యోగులు ఒప్పుకున్నారు! వార్డెన్ గారికి పిల్లలకి అన్నం పెట్టే బాధ్యత ఉంది. వాళ్ళ ఒంటిమీద హక్కు ఎవరిచ్చారు?

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం ఇంకా కటువుగా రాసింది. పేరు ఏం పెట్టుకున్నా ఇది మనుషుల మీద చేసిన క్లినికల్ ట్రయలేనని, దానికి ఉండాల్సిన నిబంధనలన్నీ ఎగ్గొట్టారని, టీకా తరవాత ఇబ్బందులు వస్తే కనిపెట్టే ఏర్పాటు సరిగ్గా లేదని, విదేశీ కంపెనీల వ్యాపార ప్రయోజనం దీని వెనక ఉందని తప్పుపట్టింది. ఐసీఎంఆర్‌నీ వదల్లేదు. పాత్ ఈ ఆరోపణలని ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. పార్లమెంటరీ కమిటీ నివేదికల్ని కోర్టులు పరిశీలించవచ్చా అనే ప్రశ్న మీద అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018లో పరిశీలించవచ్చని తీర్పు చెప్పింది. భద్రాచలం హాస్టల్ పిల్లల వేలిముద్రల గొడవ రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళిందన్నమాట.

సభలో నేను చెప్పిన నిజమైన సగం ఇది. ఇప్పటికీ ఒక్క మాట వెనక్కి తీసుకోను.

కాకి వాలిందా, పండు రాలిందా?

ఇక రెండో సగం. టీకా వల్లే ఏడుగురు చనిపోయారని నేను సభలో అన్నాను. దీనికి నా దగ్గరున్న ఆధారం ఏమిటి? టీకా వేశారు, తరవాత చనిపోయారు. అంతే. అచ్చం గుర్రపు వెంట్రుక తర్కం.

విచారణలో తేలిన కారణాలు చూడండి. ఒక అమ్మాయి నీళ్ళలో మునిగి చనిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత కచ్చితంగా తేలలేదు. టీకాయే కారణమనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. టీకా పాముని పిలవదు కదా.

ఒక చిన్న లెక్క వేద్దాం. పల్లెల్లో ఆ వయసు పిల్లల్లో ఏడాదికి రెండు వేలమందిలో ఒకరు ఏదో ఒక కారణంతో చనిపోతారనుకుందాం. 24 వేలమందిని ఏడాదిపాటు గమనిస్తే, ఏ టీకా వెయ్యకపోయినా 12 మరణాలు కనపడతాయి. ఇది ఊహాలెక్కే. కానీ మరణాలు చూపించి టీకాని దోషిగా నిలబెట్టాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. టీకా వెయ్యని పిల్లల్లో ఎంతమంది పోయారు? ఆ ప్రశ్న నేను అడగలేదు. జాతకం నిజమైందని ఎవరైనా అంటే "ఎన్ని తప్పాయో చెప్పు" అని అడిగేవాణ్ణి, ఇక్కడ మర్చిపోయాను. విదేశీ కంపెనీ అనేసరికి నా బుద్ధి పనిచెయ్యడం మానేసింది.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ అనుమానం పుట్టడానికి కారకులు కార్యక్రమం నడిపినవాళ్ళే. చెప్పకుండా చేసినవాడి మాట తరవాత ఎవరు నమ్ముతారు? అంగీకారం తీసుకుని, పిల్లలకి ఆ తరవాత ఏం జరిగిందో మొదటినుంచీ శ్రద్ధగా రాసిపెట్టి ఉంటే, మొదటి మరణం రోజునే జవాబు చెప్పగలిగేవాళ్ళు. అనుమతి అడగడం సైన్సుకి అడ్డం అనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. మన దేశంలో ఈ టీకాకి పట్టిన మచ్చ పోవడానికి పదేళ్ళు చాలలేదు.

మరి ఈ కథలో ఎక్కడా ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం ఇంకోటుంది. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు ఇద్దరు ఆడపిల్లలు పురుగుమందు ఎందుకు తాగారు? మలేరియాతో పిల్ల ఎందుకు చనిపోయింది? టీకా నిర్దోషి అని తేలగానే కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. దోషి అని అరిచిన మనం వేరే విషయం మీదకి వెళ్ళిపోయాం. ఆ పిల్లలు ఎందుకు పోయారన్నది మన ఇద్దరికీ అక్కర్లేకపోయింది.

ఆగిపోయిన అధ్యయనం చెప్పిన సంగతి

ఖమ్మం గొడవతో ఇంకో అధ్యయనం కూడా ఆగింది. దానికి పాత్ ప్రాజెక్టుతో సంబంధం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ తరఫున డాక్టర్ శంకరనారాయణన్ బృందం 2009లో మన దేశంలో తొమ్మిది చోట్ల మొదలుపెట్టింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. 10 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలు 20 వేలమందిని చేర్చుకుని, మూడు డోసులు కావాలా రెండు చాలా అని పోల్చి చూడాలన్నది ప్రణాళిక. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దేశమంతటా ఇలాంటి టీకా అధ్యయనాలు ఆపమన్నప్పుడు ఇదీ ఆగింది. అప్పటికి 17,729 మంది చేరారు. కొందరికి మూడు డోసులు పడ్డాయి, కొందరికి రెండు. దాదాపు 5 వేలమందికి ఒక్కటే పడింది.

అధ్యయనం పాడైపోయిందని ఎవరైనా వదిలేస్తారు. వీళ్ళు వదల్లేదు. ఆ అమ్మాయిల్ని ఏళ్ళ తరబడి వెంట ఉండి పరీక్షిస్తూ వచ్చారు. 2021లో పదేళ్ళ ఫలితాలు ప్రకటించారు. 16, 18 రకాలు ఒంట్లో తిష్ట వెయ్యకుండా ఆపడంలో మూడు డోసులు 93.3 శాతం, రెండు డోసులు 93.1 శాతం, ఒక్క డోసు 95.4 శాతం పనిచేశాయి. అంటే ఒకటి చాలు! లాటరీ పద్ధతిలో ఎంచి వేసిన డోసులు కావు కనక దీన్ని ఒక్కదాన్నే నమ్మడం కుదరదు. కానీ తరవాత కెన్యాలో పద్ధతి ప్రకారం చేసిన ట్రయల్లో కూడా ఒక్క డోసు బ్రహ్మాండంగా పనిచేసిందని 2022లో తేలింది. ఆ ఏడాది డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతికి ఒప్పుకుంది. పేద దేశాలకి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. మూడు సూదులు ఒకటయ్యాయి. ఖర్చు మూడో వంతయ్యింది.

ఇందులో ఎవరి గొప్పా లేదు. మేము ఆపమని అరిచినందువల్లే ఇది తెలిసిందని ఎవరైనా అంటే అదీ కాకతాళీయమే. పాడైన లెక్కని పారెయ్యకుండా పదేళ్ళు ఓపికగా రాసుకున్నవాళ్ళకీ, పదేళ్ళపాటు వచ్చి పరీక్షలు చేయించుకున్న ఆ అమ్మాయిలకీ దక్కాలి ఆ పేరు.

చెప్పి చేసినచోట, భయపడి ఆపినచోట

ఇంగ్లండులో 2008లో ఈ టీకా బడుల్లో మొదలుపెట్టారు. 12, 13 ఏళ్ళకి వేయించుకున్నవారిలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో లెక్క తేలింది. స్కాట్లాండులో 12, 13 ఏళ్ళప్పుడు పూర్తిగా టీకా వేయించుకున్నవాళ్ళలో ఒక్క కేసు కూడా కనపడలేదని 2024లో ప్రకటించారు. ఒక కేన్సర్ గురించి ఇలాంటి వాక్యం చదువుతానని నేను ఎప్పుడూ అనుకోలేదు.

జపాన్ కథ వేరు. 2013 ఏప్రిల్‌లో జాతీయ కార్యక్రమంలో చేర్చారు. కొందరు అమ్మాయిలకి నొప్పులు, వణుకులు వచ్చాయని టీవీల్లో చూపించారు. రెండు నెలల్లోనే ప్రభుత్వం తన సిఫార్సు వెనక్కి తీసుకుంది. 70 శాతం దాకా ఉన్న టీకాలు ఒక శాతం లోపుకి పడిపోయాయి. నగోయా నగరంలో సుమారు 30 వేలమంది అమ్మాయిలని 24 లక్షణాల గురించి అడిగి చూస్తే, వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ తేడా లేదని తేలింది. అయినా సిఫార్సు మళ్ళీ మొదలవడానికి 2022 దాకా పట్టింది. ఆ తొమ్మిదేళ్ళలో వయసు దాటిపోయిన అమ్మాయిల సంగతి? మా అక్క కూతురి సంగతీ అదే.

మన దేశంలోనే సిక్కిం ఉంది. 2018లో అక్కడ బడుల ద్వారా 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకి వేశారు. ముందుగా టీచర్లకీ, తల్లిదండ్రులకీ, పత్రికలవారికీ విడమర్చి చెప్పారు. 95 శాతానికి పైగా పిల్లలకి వెయ్యగలిగారు. అదే టీకా, అదే దేశం. చెప్పి చెయ్యడం అంత కష్టమేమీ కాదన్నమాట. 2022లో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌కి అనుమతి వచ్చింది. కనక విదేశీ కంపెనీ అన్న పాత వాదన కూడా ఇప్పుడు చెల్లదు. అదే ఏడాది మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేలమందికి ఈ కేన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేలమంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. వీళ్ళ ఫొటోలు ఏ టీవీలోనూ రాలేదు.

అక్కకి చెప్పిన మాట

కిందటేడు మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాను. ఆరోజు నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. అక్క పెద్దగా ఏమీ అనలేదు. "అప్పుడు నువ్వు మంచికే చెప్పావులే" అంది. మా మేనకోడలు పక్కనే ఉంది. ఇప్పుడు దానికి ముప్ఫై దగ్గర పడుతున్నాయి, ఒక బిడ్డ తల్లి. అది అంది: "మామయ్యా, ఆ హాస్టల్ పిల్లల్ని అడక్కుండా వేశారని నువ్వు సభలో కోప్పడ్డావు. నన్ను అడక్కుండా మానేశారు కదా, మీరిద్దరూ."

నా దగ్గర జవాబు లేదు. నిజమే, పన్నెండేళ్ళ పిల్లకి చెబితే అర్థమవుతుంది. భద్రాచలంలో వార్డెన్ ఏం చేశాడో మా ఇంట్లో నేనూ అదే చేశాను. ఆయన వేయించాడు, నేను మాన్పించాను. చదువుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలుసన్న ధీమా ఇద్దరిదీ ఒకటే.

దానికి దారి మూసుకుపోలేదు. ఈ జబ్బు ముదరడానికి ఏళ్ళు పడుతుంది కనక ముందే పట్టుకునే వీలుంది. పాపానికోలా కనిపెట్టిన పాప్ పరీక్ష పాతది. ఇప్పుడు వైరస్ ఉందో లేదో నేరుగా చూసే పరీక్ష ఉంది. ఒకప్పుడు నిజాం రాజ్యంలో భాగమైన ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్ఫై వేలమంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఈ కేన్సర్ మరణాలు సగానికి తగ్గాయని 2009లో తేలింది. ఆ అధ్యయనంలోనూ పోలిక కోసం కొన్ని ఊళ్ళ ఆడవాళ్ళకి ఏ పరీక్షా చెయ్యకుండా వదిలెయ్యడం న్యాయమేనా అని తరవాత ఘాటైన చర్చ జరిగింది. ఈ జబ్బు చరిత్రలో ఎక్కడ తవ్వినా ఆ ప్రశ్న తగులుతూనే ఉంటుంది.

ముప్ఫై దాటిన ప్రతి స్త్రీ ఆ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా మేనకోడలికి ఆ వివరాలన్నీ తెలుగులో రాసి ఇచ్చాను. చేయించుకోమని చెప్పలేదు. చదివి నువ్వే నిర్ణయించుకో అన్నాను. ఈ వ్యాసం చదివే మిత్రులారా, మీ ఇంట్లో పదీ పన్నెండేళ్ళ ఆడపిల్ల ఉంటే ఆమెని కూర్చోబెట్టి ఈ టీకా ఏమిటో, ఎందుకో చెప్పండి. ఆమె ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పి, ఒక మంచి డాక్టరుతో మాట్లాడి, వేయించండి. మగపిల్లాడున్నా చెప్పండి. గొంతు, మలద్వారం, పురుషాంగం కేన్సర్లు కూడా ఈ వైరస్ వల్ల వస్తాయి, దాన్ని మోసుకొచ్చేదీ వాడే.

మా సంఘం సమావేశంలో కూడా ఈ సంగతులు చెప్పాను. ఈసారి చప్పట్లు పెద్దగా పడలేదు. చివర్లో ఒక పెద్దాయన లేచి, "అయితే ఖమ్మంలో జరిగింది ఒప్పంటారా, తప్పంటారా? ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు. ఒక్క మాటలో చెప్పడం కుదరదండీ, 2010లో అలా చెప్పబోయే పొరబడ్డాను అన్నాను.